దీవుల చరిత్ర - దొరల దస్తావేజులు

1804వ సంవత్సరము జనవరి 1వ తేదీని గొనాయీవు పట్టణమున డెస్సలీను సేనాని తన సహచరులతో గూడి హైతీ స్వతంత్రదేశమని లోకమునకు చాటెను. ఫ్రెంచి దొరల చెఱకుతోటలలో కొరడాదెబ్బలు తినిన బానిసలు నెపోలియను పంపిన సైన్యములను సముద్రమున గలిపి, తమ రాజ్యమును తాము స్థాపించుకొనిరి. బానిసల తిరుగుబాటు రాజ్యస్థాపనముగ ముగిసిన యిట్టి సందర్భము చరిత్రలో మఱియొకటి కానరాదు. అంతటి ఘనకార్యమును చాటిన ప్రకటనపత్రము ఆ దేశమున మాత్రము దొరకదయ్యెను. స్వాతంత్ర్యపు 150వ సంవత్సరోత్సవము సమీపించినపు డచటి పండితులు దానికై వెదకి వెదకి విసిగిరి. తుదకు 2010వ సంవత్సరమున జూలియా గాఫీల్డు అను విద్యార్థిని లండనునందలి జాతీయ దస్తావేజుల భాండాగారములో, జమైకా గవర్నరు పంపిన కాగితముల నడుమ, ఎనిమిది పుటల చిన్నపుస్తకము నొకదానిని కనుగొనెను. హైతీ ప్రభుత్వమువారు 1804లో ముద్రింపించిన స్వాతంత్ర్యప్రకటన యదియే! ఒక జాతియొక్క జన్మపత్రిక 206 సంవత్సరములు పరుల పెట్టెలో నిద్రించెను.

ఇది యొక్క హైతీకే చెల్లిన కథ యైనచో మే మింతగ వ్రాయబని లేదు. కారిబియను సముద్రమందలి దీవులన్నిటి గతియు, వానికి దక్షిణమున నున్న గయానా, సురినాము దేశముల గతియు నిట్టిదే. పంచదార కొఱకు ఐరోపావారు మూడు శతాబ్దములు ఆఫ్రికానుండి మనుష్యుల నోడల కెక్కించి తెచ్చి యీ దీవులలో నమ్మిరి. వర్తకమునకు లెక్కలు గావలెను. లెక్కలు వ్రాయుటకు గుమాస్తాలు గలరు. గుమాస్తా వ్రాసినదానిని గవర్నరు చూచి సంతకము చేసి రాజధానికి పంపవలెను. అట్లు పుట్టిన కాగితములు నేడు లండనులో, హేగులో, కోపెన్‌హేగనులో, సెవిల్లులో, ఫ్రాన్సుదేశపు ఎక్స్ పట్టణములో బీరువాలకు బీరువాలుగ నిండియున్నవి. చెమట యోడ్చినవారొక చోట, ఆ చెమటకు లెక్క యొకచోట! తమ తాతముత్తాత లెవరో తెలిసికొన గోరు జమైకావాడు సముద్రము దాటి, ఆ తాతలను కొన్న దొరల రాజధానికి పోయి, అచట నర్జీ పెట్టుకొని చూడవలసిన రోజులు మొన్నమొన్నటివఱకు నుండెను. ఇది న్యాయమా యని మా ప్రశ్న.

దస్తావేజులతో కాలము పుచ్చు వృత్తియం దుండువారము గనుక మా కీ సందర్భమున సాక్ష్యశాసనమందలి సూత్ర మొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ముప్పది యేండ్లు నిండిన దస్తావేజు తగిన స్వాధీనమునుండి కోర్టునకు వచ్చినచో, వ్రాసినవాడును సాక్షులును గతించియున్నను, కోర్టువారు దానిని నిజమైనదిగ భావింపవచ్చును. తగిన స్వాధీనమన నేమి? ఆ కాగిత మెవరియొద్ద నుండుట సహజమో వారియొద్ద నుండుట. విక్రయపత్రము కొన్నవాని యింట నుండును. తనఖాపత్రము అప్పిచ్చినవాని యింట నుండును. మఱి మనుష్యుని సరకుగ వ్రాసిన పట్టీకి తగిన స్వాధీన మెవరిది? కొన్నవానిదా? సరకుగ నెంచబడిన మనుష్యుని సంతతిదా? ఆ విక్రయమే ధర్మబాహ్యమని లోకమంతయు నొప్పుకొనిన పిమ్మట మొదటి జవాబు నిలువదు. ఎవరి రక్తము ఆ పట్టీలో పేరుగ నెక్కినదో, వారే దానికి హక్కుదారులు.

ఈ కాగితములలో నేమున్నదో మొదట చూతము. 1807లో ఇంగ్లీషు పార్లమెంటు బానిసల వర్తకమును నిషేధించెను, బానిసత్వమును నిషేధింపలేదు. చాటుగ క్రొత్తవారిని దింపకుండ కనిపెట్టుటకై, ఉన్నవారిని పేరుపేరున లెక్క వ్రాయవలసి వచ్చెను. ట్రినిడాడు దీవిలో 1813లో నీ లెక్క యారంభమయ్యెను. జమైకా మున్నగు దీవులలో 1817లో మొదలై సాధారణముగ మూడేండ్ల కొకమాఱు జరిగెను. పేరు, వయస్సు, ఆడుమగ, దేహచ్ఛాయ, ఆఫ్రికాలో బుట్టెనా దీవిలో బుట్టెనా యనునవి గడులు. వెనుకటి లెక్కకంటె సంఖ్య హెచ్చినచో జననమో క్రయమో, తగ్గినచో మరణమో విక్రయమో విడుదలయో, కారణము వ్రాయవలెను. తల్లి యొడిలో బిడ్డ పుట్టినది హెచ్చు. ఆ బిడ్డ చచ్చినది తగ్గు. మన రైతు తన కొట్టమునందలి గొడ్లకైనను ఇంత నిర్దయగ లెక్క కట్టడు. ట్రినిడాడు పట్టీలలో ఎత్తు, ఒంటిమీది గుర్తులు, పుట్టిన ఆఫ్రికాదేశము, బంధుత్వములు గూడ గలవు. బ్రిటిషు కారిబియను దేశముల యీ పట్టీలను యునెస్కో సంస్థ 2009లో ప్రపంచస్మృతిపట్టికలో చేర్చినది.

ఇట్టి పట్టీలు చదువుటవలన గుండె మండుటయే గాని వేఱు ప్రయోజన మేమని కొంద రందురు. శ్రద్ధతో చదువువారికి ప్రయోజనము గలదు. యజమానులు తమ బానిసలకు సీజరనియు పాంపీయనియు పరిహాసమునకు రోమకవీరుల పేర్లు పెట్టిరి. ఆ పేర్ల నడుమనే కడ్జో, క్వాకో, ఫిబ్బా యను పేర్లును గలవు. ఘనాతీరమందలి అకాను జాతివారు బిడ్డ పుట్టిన వారమునుబట్టి పేరు పెట్టుదురు. కడ్జో యనిన సోమవారమున బుట్టిన మగబిడ్డ. క్వాకో యనిన బుధవారమున బుట్టినవాడు. ఫిబ్బా యనిన శుక్రవారమున బుట్టిన యాడుబిడ్డ. మన మన్యపు గూడెములలోను నిట్టి యాచారము గలదు గదా! దొరగారి గుమాస్తా తా నేమి వ్రాయుచున్నాడో యెఱుగకయే ఒక జాతియొక్క భాషను, పంచాంగమును, తల్లిదండ్రుల మురిపెమును పట్టీలో నెక్కించెను. బానిసనుండి సర్వమును దోచితిమని తలచినవారే బానిస దాచుకొనినదానికి సాక్షు లైరి.

ప్రతిపక్షి తన చేతులార వ్రాసి యొప్పుకొనిన సంగతికంటె బలమైన సాక్ష్యము లేదని వకీళ్లందఱు నెఱుగుదురు. అట్టి యొప్పుదల పత్రములు ఈ భాండాగారములలో బండ్లకు బండ్లు గలవు. 1833లో బానిసత్వనిర్మూలన శాసనము వచ్చినది. అప్పటికి బ్రిటిషు వలసలలో సుమారు 8 లక్షలమంది బానిసలుండిరి. వారి విముక్తికై పార్లమెంటు 2 కోట్ల పౌనులు పరిహారముగ మంజూరు చేసెను. అది యా కాలమున ప్రభుత్వపు సాలుసరి వ్యయములో నూటికి నలుబది పాళ్లు. పరిహార మెవరికి? బానిసలకు గాదు, యజమానులకు! కొరడాదెబ్బలు తినినవానికి కాని ముట్టలేదు. పైపెచ్చు శిష్యరికమను పేరున 1838 ఆగష్టువఱకు వాడు జీతములేని చాకిరి చేయవలసి వచ్చెను. పరిహారముకొఱకు యజమానులు తమకు బానిసలు ఇందఱు గలరని ప్రమాణపూర్వకముగ నర్జీలు పెట్టుకొనిరి. ఆ యర్జీల నాధారముగ గొని లండను యూనివర్సిటీ కాలేజివారు సుమారు 46 వేలమంది యజమానుల వివరములను 2013లో ప్రపంచమునకు వెల్లడించిరి. వారిలో పార్లమెంటు సభ్యులు గలరు. దైవసేవకులమని చెప్పుకొను పాదరీలు గలరు. నాలుగైదుగురు బానిసలపై నద్దె తిని బ్రదికిన విధవలును గలరు. బానిసత్వము ఎక్కడనో కొలదిమంది క్రూరులు చేసిన పాపమను వాదము ఆ పట్టికతో ముగిసినది. ఆ పరిహారముకై చేసిన ఋణము పూర్తిగ తీరిన దెప్పుడో పాఠకు లెఱుగుదురా? 2015వ సంవత్సరమున! అనగా జమైకానుండి, బార్బడోసునుండి యింగ్లండునకు వచ్చి కూలినాలి చేసి పన్నులు గట్టిన బానిసల మునిమనుమలు, తమ పూర్వులను బంధించినవారికిచ్చిన సొమ్మును తామే తీర్చిరి.

యజమాని స్వహస్తముతో వ్రాసుకొనిన దినచర్యలును గలవు. థామసు తిసిల్‌వుడ్డు అను నాంగ్లేయుడు 1750లో జమైకాకు వచ్చి, తోటకాపరియై, పిదప తానే బానిసల యజమానియై, 1786లో మరణించువఱకు దినదినము తన నడవడి వ్రాసుకొనెను. వర్షమెంత పడెనో వ్రాసిన చేతితోడనే, ఎవరి నెన్ని కొరడాదెబ్బలు కొట్టించెనో వ్రాసెను. బానిసస్త్రీలపై తాను జరిపిన దౌర్జన్యములను మాత్రము లాటినుమాటలలో వ్రాసికొనెను. ఆ దినచర్య యిపుడు అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయమున గలదు. జమైకాలో జరిగిన ఘోరమునకు సాక్ష్యము మొదట ఇంగ్లండునకు, పిదప అమెరికాకు ప్రయాణము చేసెను. జమైకాకు మాత్రము చేరలేదు.

ఇంతమాత్రమున నీ భాండాగారములలో దొరల గొంతుకే వినబడునని తలపరాదు. 1763 ఫిబ్రవరి 23వ తేదీని బెర్బీసు వలసలో బానిసలు తిరుగబడిరి. నేటి గయానాలో నది యొక భాగము. వారి నాయకుడు కఫీ డచ్చి గవర్నరునకు లేఖలు వ్రాయించి, దేశమును రెండు పాళ్లు చేసి చెఱియొక పాలు ఏలుకొందమని సంధి ప్రతిపాదించెను. నిన్నటి బానిస నేడు రాజునకు రాజువలె జాబు వ్రాసినాడు! ఆ లేఖలు హేగునగరమున భద్రముగ నున్నవి. తిరుగుబాటు అణగిన పిదప విచారణలలో వందలకొలది బానిసలు చెప్పిన వాఙ్మూలములును గలవు. 1970లో గయానావారు గణతంత్రమును చాటుకొనుటకు ఫిబ్రవరి 23వ తేదీనే యెన్నుకొనిరి. అదే బెర్బీసులో ఇంగ్లీషువారి కాలమున బానిసలు న్యాయాధికారియొద్దకు వచ్చి చెప్పుకొనిన ఫిర్యాదులు లండనులో గలవు. అధికమైన పని, తగ్గిన తిండి, గర్భిణిని కొట్టిన కాపరి, వేఱుచేయబడిన భార్య, ఇవి యా ఫిర్యాదులలోని విషయములు. పాఱిపోయిన బానిసలకై యజమానులు పత్రికలలో వేయించిన ప్రకటనలును మిక్కిలి విలువైనవి. పట్టి తెచ్చినవానికి బహుమాన మిత్తునని వ్రాయుచు, పాఱిపోయిన స్త్రీ తల్లి ఫలానా తోటలో నున్నది, అక్కడ దాగియుండవచ్చునని యజమాని వ్రాయును. బంధువులు లేని పశువని తాను చెప్పుకొను మనిషికి తల్లి గలదని, ఆ తల్లికై ప్రాణముల కొడ్డి నడచిపోవునని తానే యొప్పుకొనుట యిది.

ఇక నీ కథలో మనవారు ప్రవేశించు ఘట్టము. పైన చెప్పిన పరిహారమును పుచ్చుకొనినవారిలో జాన్ గ్లాడ్‌స్టను ఒకడు. పిమ్మట నింగ్లండునకు ప్రధానమంత్రి యైన గ్లాడ్‌స్టను ఆయన కుమారుడే. 2,500కు పైబడిన బానిసలకుగాను ఆయనకు లక్ష పౌనులకు మించి ముట్టెను. బానిసలు పోవుదురని తెలిసినతోడనే 1836లో నాయన కలకత్తాలోని వర్తకసంఘమునకు జాబు వ్రాసి కూలీలను పంపుడని కోరెను. 1838 మే 5వ తేదీని విట్బీ, హెస్పరసు అను రెండు నావలు మన దేశపు కూలీలతో బ్రిటిషు గయానా చేరెను. బానిసల శిష్యరికము ముగియుటకు నింకను మూడుమాసములు గలదు! నాటినుండి 1917వఱకు ఒక్క గయానాకే సుమారు 2 లక్షల 39 వేలమంది, ట్రినిడాడునకు సుమారు లక్ష 44 వేలమంది, సురినామునకు 34 వేలమంది పోయిరి. ఫ్రెంచివారి మార్టినీకు, గ్వాడెలూపు దీవులకు పుదుచ్చేరి, కారైకాలు, యానాము రేవులలో మనుష్యులను గూర్చిరి. చెన్నపట్టణపు రేవునుండి పోయినవారికి ఆ దేశములలో మదరాసీలని పేరు. ఆ పేరు క్రింద తమిళులతో బాటు మన తెలుగువారును గలరు.

ఒక్కొక్క కూలీకి వలసచీటి యొకటి గలదు. దానిలో పేరు, తండ్రిపేరు, జిల్లా, తాలూకా, గ్రామము, కులము, వయస్సు, ఎత్తు, దేహముమీది గుర్తులు వ్రాసిరి. పాఱిపోయినచో పట్టుకొనుటకై వ్రాసిన వివరములే నేడు మనుమనికి తాతగారి యూరు చూపు దీపములైనవి. ఈ ఒడంబడిక కూలీల పత్రములను ఫిజీ, గయానా, సురినాము, ట్రినిడాడు దేశములు కోరగా యునెస్కోవారు 2011లో ప్రపంచస్మృతిపట్టికలో చేర్చిరి. కూలీపద్ధతి మాన్పవలెనని గోఖలేగారు 1912లో చక్రవర్తి శాసనసభలో తెచ్చిన తీర్మానము ఓడిపోయెను. మాలవ్యాగారు 1916లో తిరిగి తెచ్చినపుడు ప్రభుత్వము తలయొగ్గెను. ఆ సభలలో వారు వాడిన యాయుధములు ప్రభుత్వము తానే ప్రకటించిన మరణముల లెక్కలు, శిక్షల లెక్కలు, స్త్రీపురుషుల సంఖ్యల లెక్కలు. దస్తావేజు చేత నుండుటవలన ప్రయోజన మేమని యడుగువారి కిదియే మా సమాధానము.

స్వాధీనము సంగతికి తిరిగి వత్తము. సెయింట్ థామసు, సెయింట్ జాను, సెయింట్ క్రోయి దీవులను డెన్మార్కువారు రెండు శతాబ్దములకు పైగా నేలి, 1917లో 2 కోట్ల 50 లక్షల డాలర్లకు అమెరికా సంయుక్తరాష్ట్రముల కమ్మివేసిరి. దీవులలోని ప్రజల నెవ్వరు నడుగలేదు. పోవుచు దస్తావేజులలో ముఖ్యభాగమును కోపెన్‌హేగనునకు గొనిపోయిరి. మిగిలినవానిని పిదప అమెరికావారు వాషింగ్టనుకు జేర్చిరి. దీవి యొకరి వశమయ్యెను, చరిత్ర యిద్దఱి పాలయ్యెను, దీవివాసులకు రెండును దక్కలేదు. 1848 జూలై 3వ తేదీని ఫ్రెడరిక్‌స్టెడ్డు కోటముందు వేలకొలది బానిసలు నిలిచి విముక్తి సాధించుకొనిన వృత్తాంతమును, 1878లో క్వీన్ మేరీ మున్నగు స్త్రీలు నడిపిన తిరుగుబాటు వృత్తాంతమును, ఆ వీరుల సంతతివారు పరదేశములో పరభాషలో చదువుకొనవలసి వచ్చెను. మన తీరమందలి తరంగంబాడిని 1845లో నింగ్లీషువారి కమ్మినది యీ డెన్మార్కువారే. సెయింట్ క్రోయి దీవికి 1863లో కలకత్తానుండి 300కు పైగా మన కూలీలను దింపుకొనినదియు వీరే.

దీవులమ్మిన నూఱేండ్లకు, 2017లో, డెన్మార్కువారు సుమారు 50 లక్షల పుటల ఛాయాప్రతులను తీసి ఎల్లవారికి నుచితముగ చూడనిచ్చిరి. ఇది మెచ్చదగిన కార్యమే. ఐనను ఛాయాప్రతి యిచ్చితిమి, ఋణము తీరినదను మాట కొప్పుకొనము. ఆ పుటలు డేనిషుభాషలో, పాతకాలపు గోతికు వ్రాతలో గలవు. దీవివాసులు మాటలాడునది యింగ్లీషు. గొలుసుకట్టు మోడీలిపిలోని పాతకైఫీయతును పల్లెటూరి రైతు చేతబెట్టి, నీ తాతచరిత్ర చదువుకొమ్మనినట్లున్నది. చదువగలవారిని తయారుచేయవలెను, తర్జుమాలు చేయింపవలెను, దానికగు వ్యయమును కొనిపోయినవారు భరింపవలెను. అపుడే ప్రతి యిచ్చిన పుణ్యము పూర్ణమగును.

దీవులలో తుపానులు మెండు, అగ్నిభయము గలదు, దస్తావేజులు లండనులోనే భద్రమని కొందఱు పెద్దమనుష్యులు వాదింతురు. 2024 జూన్ మాసమున బార్బడోసు దస్తావేజుల కార్యాలయపు భవనములలో నొకటి యగ్నికి ఆహుతియైనది నిజము. తిరిగి రానివి పోయినవి, మేమును చింతించితిమి. కాని అదే దీవిలో 1783 మొదలు 1848వఱకు వెలువడిన బార్బడోసు మెర్క్యురీ పత్రికకు అంతకుముందే ఛాయాప్రతులు తీయబడియున్నవి. తగిన ధనమును తోడ్పాటును ఉన్నయెడల దీవులవారు తమ సొత్తు కాపాడుకొనలేరనుట వట్టిమాట. పోనిండు, లండనులో భద్రతయెట్లున్నదో చూతము. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్రష్షు అను నోడలో కారిబియనువారు కొన్నివందలమంది ఇంగ్లండునందు దిగిరి. పిదప వేలకొలది వచ్చిరి. యుద్ధములో దెబ్బతినిన దేశమునకు దాదులై, బండ్లు నడుపువారై సేవచేసిరి. దిగిననాడు వ్రాసిన చీటీలను ప్రభుత్వకార్యాలయమువారు 2010లో తామే నాశనము చేసిరి. అటుపిమ్మట మీరెప్పుడు వచ్చితిరో ఋజువు చూపుడని ఆ వృద్ధులనే యడిగిరి. ఋజువు చూపలేనివారు పనులు పోగొట్టుకొనిరి, వైద్యము పోగొట్టుకొనిరి, కొందఱు నిర్బంధింపబడిరి, కొందఱు బాల్యముననే విడిచిన దీవులకు పంపబడిరి. 2018లో నది బయలుపడి ప్రభుత్వము క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చెను. ఆ చీటీలొక్కటే వారి నెల్ల రక్షించియుండునని మే మనము. సాక్ష్యమును చెఱిపిన చేయియే సాక్ష్యము తెమ్మనుట మాత్రము ఏ ధర్మశాస్త్రమునకు నంగీకారము గాదు.

ఇది యొకటే కాదు. వలసలకు స్వాతంత్ర్యమిచ్చి పోవునపుడు తమకు తలవంపులు తెచ్చు కాగితములను క్రొత్తప్రభుత్వముల కప్పగింపవలదని 1961లో లండనునుండి యుత్తరువు పోయెను. కొన్నిటిని కాల్చిరి, కొన్నిటిని తరలించిరి. తరలించినవానిని హాన్‌స్లోపు పార్కు అనుచోట దశాబ్దములు దాచి, కెన్యాదేశపు మౌమౌ వృద్ధులు లండను కోర్టులో దావా తెచ్చిన పిదప 2011లో గాని బయటపెట్టలేదు. 37 పూర్వపు వలసలకు జెందిన 8 వేల 8 వందల ఫైళ్లు బయటపడినవి. కారిబియను దీవులవియు వానిలో గలవు. తుపాను తనకు ప్రియమైన కాగిత మిది, అప్రియమైన కాగిత మిదియని యెంచి చింపదు. అధికారి యెంచి చింపును. ఈ రెంటిలో చరిత్ర కెక్కువ భయ మెవరివలన?

తిరిగి యిచ్చుట సాధ్యము కాదందురా? సురినామును చూడుడు. ఇరువదవ శతాబ్దమున నెదర్లండ్సునకు తరలిపోయిన ఆ దేశపు పాతదస్తావేజులకు ఛాయాప్రతులు తీసి, పారమరిబో నగరమున క్రొత్తభవనము సిద్ధమైన పిదప విడతలవారీగ తిరిగి పంపిరి. 2017 జనవరినాటి కా కార్యము ముగిసినది. మఱుసటి సంవత్సరము సురినాము బానిసల పట్టీలు, 1830 మొదలు 1863వఱకు గలవి, స్వచ్ఛందసేవకుల సాయమున నచ్చుకట్టబడి యెల్లరకు నందినవి. ఆ పట్టీలలో బానిసకు ఇంటిపేరు లేదు, తల్లిపేరు గలదు. ఆ తల్లిపేరు పట్టుకొని నేడు వేలకొలది కుటుంబములు తమ మూలమును చేరుచున్నవి. ఓడలో పోయినది ఓడలోనే తిరిగివచ్చినది; ఆకాశము విఱిగిపడలేదు. డచ్చివారు చేయగలిగినదానిని ఇంగ్లీషువారును, ఫ్రెంచివారును, డేనులును ఏల చేయరాదు?

పాతపుండ్లు రేపనేల యని మెత్తగ బలుకు మిత్రులకు నొకమాట. పుండు పాతదైనను మానినదా? కారిబియను దేశములు కూడి 2013లో పరిహారసంఘము నేర్పఱచుకొని, 2014లో పదియంశముల కోర్కెను ఐరోపా ప్రభుత్వముల ముందుంచినవి. యజమానికి పరిహారమిచ్చుటకు ఖజానా తెఱచినవారికి, బానిస సంతతి యడిగినపుడు మాత్రము కాలదోషము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ వ్యాజ్యము రేపు తీరునో, తరము గడచి తీరునో మేము చెప్పజాలము. దానికి సాక్ష్యము ప్రతివాది పెట్టెలో నుండరాదని మాత్రము చెప్పగలము. ఎరిక్ విలియమ్సు 1944లో, వాల్టరు రాడ్నీ తరువాతి తరమున, ఆ దొరల కాగితములనే త్రవ్వి దొరల చరిత్రకు బదులు చెప్పిరి. రాడ్నీ 1980లో హత్యకు గుఱియయ్యెను. గయానా జాతీయభాండాగారమున కిపుడాయన పేరు. తమ చరిత్రను తాము వ్రాసుకొనిన జాతి తన తలను తాను నిలుపుకొనును.

తుదకు మన సంగతి. కారిబియనువారికి ధర్మము బోధించి మన యింట నిద్రించుట తగదు. మారిషసు దీవిలో మోకాయందలి మహాత్మాగాంధీసంస్థవారు కూలీల పత్రములను భద్రపఱచినందున, అచటి తెలుగువారు తమ ముత్తాత యూరిపేరు చూచుకొనగలుగుచున్నారు. కారిబియనునకు పోయిన తెలుగుకుటుంబముల కట్టి భాగ్య మేల కలిగింపరాదు? వారికి భాష పోయినది. ఇంటిపేర్లు గుమాస్తాల చేతిలో గుర్తుపట్టరాకుండ మాఱినవి. మిగిలినది ఆ చీటీలోని గ్రామనామ మొక్కటే. ఇంగ్లీషు గుమాస్తా వంకరగ వ్రాసిన యా పేరు మన యే యూరిదో చెప్పగలవారు మనమేగాని లండనువారు కారు, జార్జిటౌనువారును కారు. కావున ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములు గయానా, ట్రినిడాడు, గ్వాడెలూపు పత్రములకు ప్రతులు తెప్పించి, గ్రామనామములను తెలుగులిపిలో సవరించి, ఎల్లవారికి నందజేయవలెను. మన విశ్వవిద్యాలయములందలి చరిత్రశాఖలు ఈ పనికి విద్యార్థులను నియమింపవలెను. తీరమండలముల పల్లెలలో, ఓడయెక్కి పోయి తిరిగిరాని వాని మాట యింకను చెప్పుకొను ముసలివా రుండిన, ఆ మాటను చదువుకొన్న కుఱ్ఱవాండ్రు నేడే వ్రాసికొనవలెను. పాతయిండ్ల అటకలపై, దేవాలయముల భోషాణములలో, కరణముల వారసుల యిండ్లలో చెదలకు మేతయగుచున్న కాగితములను పాఱవేయకుండుట యెల్లరు చేయగల దేశసేవ.

హైతీవారి ప్రకటనపత్రము లండనులోనే యున్నది. అది తన యింటికి పోవుదినము రావలెనని మేము కోరుచున్నాము. ఆ దినము వచ్చువఱకు, ఎక్కడెక్కడ నొకజాతి కాగితము పరుల తాళముక్రింద నున్నదో, అక్కడక్కడ నా జాతి స్వాతంత్ర్యమునకు కొఱత గలదనియే మా యభిప్రాయము. రాజ్యము మన దైనది. రికార్డుగది తాళపుచెవియు మనదే కావలెను.